క్షమించడానికీ కర్త కావాలి

మార్చి 16. అమెరికా చరిత్రలో ఈ తేదీ కింద ఏమేం ఉన్నాయో వెతికితే వచ్చే జాబితా దాదాపు ఇలా ఉంటుంది.

1751లో జేమ్స్ మాడిసన్ పుట్టాడు. 1802లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ ఏర్పడింది. 1827లో ‘ఫ్రీడమ్స్ జర్నల్’ అనే నల్లజాతివాళ్ల మొదటి వార్తాపత్రిక మొదలైంది. 1850లో నథానియెల్ హాథార్న్ నవల ‘ది స్కార్లెట్ లెటర్’ వెలువడింది. 1926లో ద్రవ ఇంధనంతో నడిచే మొట్టమొదటి రాకెట్ ఎగిరింది. 1968లో రాబర్ట్ కెనడీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నానని ప్రకటించాడు. అదే 1968లో, అదే రోజున, వియత్నాంలో మై లై ఊచకోత జరిగింది.

ఏడు వాక్యాలు. ఇలాంటి జాబితాలంటే నాకు ఇష్టమే. వాటిలో ఒక రకమైన సమానత్వం ఉంటుంది. కాబోయే అధ్యక్షుడి పుట్టుకకీ, పొలంలో కూలిన రాకెట్‌కీ తలా ఒక లైను. కేలెండర్ ఎవరినీ ఎక్కువ చేయదు, ఎవరినీ తక్కువ చేయదు. కానీ ఈ తేదీ దగ్గరకొచ్చేసరికి చివరి వాక్యంలోని క్రియ దగ్గర ఆగిపోతాను. ‘జరిగింది.’

తెలుగులో ‘జరిగింది’ చాలా సౌకర్యమైన మాట. పెళ్లి జరుగుతుంది, సభ జరుగుతుంది, పొరపాటు జరుగుతుంది, ఊచకోత కూడా జరుగుతుంది. పెళ్లి చేసినవాళ్లూ సభ పెట్టినవాళ్లూ ఎవరో ఉంటారు, కానీ వాక్యానికి వాళ్లతో పనిలేదు. కర్మణి ప్రయోగం తెలుగుకి నప్పదని స్కూల్లో చెప్పారు. ‘చంపబడ్డారు’ అని రాస్తే చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. అందుకని పేపర్లలో ‘మృతి చెందారు’ అని రాస్తారు. చదవడానికి హాయిగా ఉంటుంది. ఈ సవరణలో చంపినవాడు ఎటో వెళ్లిపోయాడన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. కర్తను దాచడానికి మనకి కర్మణి ప్రయోగం కూడా అక్కర్లేదన్నమాట, మామూలు తెలుగే చాలు.

ఒక తేదీని గుర్తుపెట్టుకోవడమంటే అసలు దేన్ని గుర్తుపెట్టుకోవడం? ఏం జరిగిందన్నదాన్నా, ఎవరు చేశారన్నదాన్నా? రెండోది లేకుండా మొదటిది గుర్తుండి ఏం లాభం? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

ముందు ఆ రోజు సంగతి చూద్దాం. 1968 మార్చి 16 ఉదయం ఏడున్నర ప్రాంతంలో అమెరికా సైన్యానికి చెందిన చార్లీ కంపెనీ సోన్ మై అనే గ్రామంలో హెలికాప్టర్ల నుంచి దిగింది. అక్కడ శత్రుసైన్యం ఉంటుందని వాళ్లకు చెప్పారు. ఎదురుకాల్పులేవీ రాలేదు. ఉన్నది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. మధ్యాహ్నానికల్లా సైనికులు వందలమందిని చంపారు. కొందరిని ఇళ్ల దగ్గరే చంపారు, కొందరిని నీటికాలువలోకి దింపి చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. ఇళ్లు తగలబెట్టారు. అమెరికా సైన్యం తర్వాత వేసిన లెక్క 347. వియత్నాంలోని స్మారకచిహ్నం చెప్పే లెక్క 504.

సోన్ మైలో మొదటి తూటా పేలేసరికి వాషింగ్టన్‌లో ఇంకా 15వ తేదీ సాయంత్రమే. టైమ్ జోన్‌లతో రోజూ కుస్తీపట్టే నాలాంటివాడికి ఇది వెంటనే తోచే విషయం. అమెరికా చరిత్రలో మార్చి 16 కింద ఉన్న ఈ లైను మొదలైంది అమెరికా వాళ్ల మార్చి 16న కాదు. మర్నాడు పొద్దున వాషింగ్టన్‌లో, 1960లో తన అన్న నిలబడ్డ సెనేట్ గదిలోనే నిలబడి, రాబర్ట్ కెనడీ తన పోటీ గురించి ప్రకటించాడు. వియత్నాంలో రక్తపాతం ఆపే విధానాలు కావాలన్నాడు. ఆయన ఆ మాట అంటున్నప్పుడు సోన్ మైలో రాత్రి. ఆ ఊళ్లో ఏం చేశారో ఆయనకు తెలీదు. ఎప్పటికీ తెలియలేదు కూడా. జూన్ 5న ఆయన్ని కాల్చారు, 6న చనిపోయాడు. మై లై గురించి దేశానికి తెలిసింది 1969 నవంబరులో.

అంటే వార్త రాలేదని కాదు. మర్నాడే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. అమెరికన్ దళాలు 128 మంది శత్రువుల్ని చంపాయని! సైన్యం ఏది చెప్పిందో అదే అచ్చయింది. సైన్యం లెక్క ప్రకారమే, 128 శవాల దగ్గర దొరికిన ఆయుధాలు మూడు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, అనుమానం రావాలి. రావాల్సినవాళ్లకి రాలేదు.

మా పనిలో పెద్ద పెద్ద డేటా ప్రవాహాలతో వ్యవహరించేటప్పుడు ప్రతి సంఘటనకీ రెండు సమయాలు రాసుకుంటాం. అది నిజంగా ఎప్పుడు జరిగిందన్నది ఈవెంట్ టైమ్. దాన్ని సిస్టమ్ ఎప్పుడు చూసిందన్నది ప్రాసెసింగ్ టైమ్. ఎవరో మెట్రోలో కూర్చుని ఫోన్‌లో ఏదో నొక్కుతారు. సొరంగంలో సిగ్నల్ ఉండదు. ఆ సంగతి సర్వర్‌కి పది నిమిషాల తర్వాత తెలుస్తుంది. ఈ రెండింటినీ కలిపేసి ఒకటే అనుకుంటే లెక్కలన్నీ తప్పుతాయి. ‘చరిత్రలో ఈ రోజు’ జాబితాల్లో ఉండేది మొదటి సమయం ఒక్కటే. రెండోది ఎక్కడా ఉండదు.

రెండో సమయాన్ని కూడా పక్కన రాసుకుంటే జాబితా మొహమే మారిపోతుంది. కెనడీ ప్రకటనకు తేడా సున్నా. కెమెరాల ముందే మాట్లాడాడు కాబట్టి అది జరగడం, తెలియడం ఒకేసారి. గాడర్డ్ రాకెట్‌కి తేడా పదేళ్లు. మసాచుసెట్స్‌లోని ఆబర్న్‌లో, బంధువుల పొలంలో, ఆ రాకెట్ రెండున్నర సెకన్లపాటు 41 అడుగుల ఎత్తుకి లేచి, 184 అడుగుల దూరంలో పడింది. చూసింది గాడర్డ్, ఆయన భార్య ఎస్తర్, ఇద్దరు సహాయకులు. అంతకు ఆరేళ్ల ముందు, శూన్యంలో రాకెట్ ఎలా పనిచేస్తుందని న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం ఆయన్ని ఎగతాళి చేసింది. ఆయన ఈసారి చాటింపు వేయలేదు. 1936లో స్మిత్సోనియన్ ప్రచురించిన ఆయన నివేదికతో ఆ రెండున్నర సెకన్ల సంగతి లోకంలోకి వచ్చింది. ఇది ఆయన తనంతట తాను పాటించిన మౌనం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

‘ఫ్రీడమ్స్ జర్నల్’ది ఇంకో కథ. దాన్ని పెట్టిన శామ్యూల్ కార్నిష్, జాన్ రస్‌వర్మ్ ఇద్దరూ స్వేచ్ఛ ఉన్న నల్లజాతివాళ్లే. న్యూయార్క్ పేపర్లు తమవాళ్ల గురించి ఏవేవో రాసేవి. మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అందరూ వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లే. ఇక మా సంగతి మేమే చెప్పుకుంటాం అన్నది మొదటి సంచికలో వాళ్లు తేల్చిచెప్పిన విషయం. నాలుగు పేజీల వారపత్రిక, రెండేళ్లు నడిచింది. నాకు అర్థమైనంతవరకూ వాళ్లు అడిగింది ఇదే: మాకు జరిగినదాన్ని ఎప్పుడు, ఏ మాటల్లో, ఎవరు నమోదు చేస్తారన్నది మా చేతిలో ఉండాలి. సోన్ మై ఊరివాళ్ల చేతిలో లేనిది సరిగ్గా అదే. వాళ్ల కథ అమెరికన్ల దాకా రావాలంటే అమెరికన్లే మోసుకురావాలి.

అలా మోసుకొచ్చినవాళ్లు కొందరున్నారు. పైనుంచి హెలికాప్టర్‌లో తిరుగుతున్న హ్యూ థాంప్సన్ వయసు 24. అతనితో గ్లెన్ ఆండ్రియోటా, లారెన్స్ కోల్బర్న్. కింద శవాలు కనిపిస్తున్నాయి, యుద్ధం కనిపించడం లేదు. థాంప్సన్ సైనికులకీ, దాక్కున్న ఊరివాళ్లకీ మధ్య హెలికాప్టర్ దింపాడు. మనవాళ్లు గనక ఈ జనం మీద కాల్పులు జరిపితే మనవాళ్ల మీదే కాల్చండని తన ఇద్దరికీ చెప్పి, తను కిందికి దిగాడు. ఇంకో రెండు హెలికాప్టర్లను పిలిపించి కొంతమందిని బయటికి పంపాడు. ఆండ్రియోటా కాలువలోకి దిగి, శవాల మధ్య బతికున్న ఒక పిల్లవాణ్ణి పైకి తెచ్చాడు. మూడు వారాల తర్వాత అతను యుద్ధంలో చనిపోయాడు.

థాంప్సన్ ఆ రోజే పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు. ఇది ముఖ్యం. ఈ కథలో సమాచారం సొరంగంలో ఇరుక్కుపోయి ఆలస్యం కాలేదు, గంటల్లోనే చేరింది. చేరిన తర్వాత దాన్ని మార్చారు. బ్రిగేడ్ కమాండర్ ఓరన్ హెండర్సన్ ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, కాల్పుల మధ్య పొరపాటున చనిపోయిన పౌరులు 20 మంది. మళ్లీ అదే వ్యాకరణం. పొరపాటు జరిగింది, చనిపోయారు.

సైనిక ఫొటోగ్రాఫర్ రొనాల్డ్ హేబర్లీ దగ్గర రెండు రకాల కెమెరాలున్నాయి. సైన్యం ఇచ్చినదాంట్లోంచి వచ్చిన బ్లాక్ అండ్ వైట్ బొమ్మల్లో మామూలు సైనిక చర్య కనిపిస్తుంది. దారిలో కుప్పగా పడున్న ఆడవాళ్లు, పిల్లలు ఉన్నది అతని సొంత కెమెరాలోని రంగుల బొమ్మల్లో. చంపుతున్న సైనికులు కనిపించే కొన్ని ఫొటోలను తనే నాశనం చేశానని చాలా ఏళ్ల తర్వాత అతను ఒప్పుకున్నాడు. అంటే ఈరోజు మనం చూసే ఆ ప్రసిద్ధమైన ఫొటోల్లో కూడా శవాలున్నాయి, కాల్చినవాళ్లు లేరు. కెమెరా కూడా ‘జరిగింది’ అనే చెప్పింది.

ఆ రోజు అక్కడ లేని రాన్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడు, తోటివాళ్ల నోట విన్నదంతా కూడగట్టి, 1969 మార్చి 29న దాదాపు ముప్ఫైమంది అధికారులకూ నాయకులకూ ఉత్తరం రాశాడు. ఆ నవంబరులో సీమోర్ హెర్ష్ కథనం, హేబర్లీ ఫొటోలు బయటికొచ్చాయి. లెఫ్టినెంట్ విలియం కేలీ కనీసం 22 మందిని హత్య చేశాడని సైనిక న్యాయస్థానం తేల్చింది 1971లో. తేదీ మళ్లీ మార్చి 29. ఇలాంటి కాకతాళీయాలకు అర్థాలు వెతకడం నాకు నచ్చదు. కాకపోతే మొదటి మార్చి 29న ఒకడు కూర్చుని ఉత్తరం రాయకపోతే రెండో మార్చి 29 లేదు. అంతవరకు ఒప్పుకోవచ్చు.

ఇక్కడ నా వృత్తి నుంచే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా పెద్ద వైఫల్యం వస్తే దాని మీద రాసే నివేదికలో మనుషుల పేర్లు రాయకూడదన్నది ఈమధ్య స్థిరపడిన మర్యాద. ఫలానావాడు డేటాబేస్ చెరిపేశాడు అనం, చెరిపే కమాండ్‌కి రక్షణ లేకపోయింది అంటాం. పేరు పెట్టి నిందిస్తే జనం భయపడి నిజం దాస్తారు. నింద లేకపోతే నిజం బయటికొస్తుంది, వ్యవస్థ బాగుపడుతుంది. నేనిది మనస్ఫూర్తిగా నమ్ముతాను. మరి చరిత్రకి మాత్రం పేర్లెందుకు? కేలీ కాకపోతే ఇంకొకడు. యుద్ధం అలాంటిది, శవాల లెక్కతో విజయాన్ని కొలిచిన పద్ధతి అలాంటిది అని ఎందుకు అనకూడదు?

అనొచ్చు. అందులో సగం నిజం ఉంది కూడా. కానీ నింద లేని నివేదిక ఎక్కడ పనిచేస్తుందో చూడండి. ఆ గదిలో కూర్చున్న అందరికీ సర్వర్ నిలబడటమే కావాలి. నష్టపోయినవాళ్లూ, నష్టం చేసినవాళ్లూ, నివేదిక రాసేవాళ్లూ దాదాపు ఒకటే జట్టు. సోన్ మై విషయంలో నష్టపోయినవాళ్లు ఆ గదిలో లేరు. నిజం తెలియక కాదు, తెలిసినవాళ్లే మార్చి రాశారు. అలాంటి చోట ‘వ్యవస్థ’ అన్న మాట ‘జరిగింది’కి పెద్దన్న అవుతుంది.

అలాగని ఒక్క పేరు చెప్పేస్తే సరిపోతుందా? అమెరికా చేసింది అదే. 26 మంది మీద అభియోగాలు మోపి, ఒక్క కేలీకి శిక్ష వేశారు. యావజ్జీవం అన్నారు, చివరికి అతను గడిపింది మూడున్నరేళ్ల గృహనిర్బంధం. కప్పిపుచ్చినందుకు విచారణ చివరిదాకా ఎదుర్కొన్నవాడు హెండర్సన్ ఒక్కడే, ఆయన్నీ నిర్దోషి అన్నారు. ఆ రోజు ఆ ప్రాంతం మొత్తానికీ అధిపతిగా ఉన్న డివిజన్ కమాండర్ శామ్యూల్ కాస్టర్, అభియోగం వచ్చేనాటికి వెస్ట్ పాయింట్ అకాడమీకి అధిపతి! అబద్ధం ఆడకూడదు, ఆడినవాణ్ణి సహించకూడదు అని యువ సైనికులకు నేర్పే చోటు అది. 1970 మార్చిలో ఆయన ఆ పదవి వదులుకున్నాడు. తర్వాత అభియోగాలు ఎత్తేశారు, ఒక నక్షత్రం తగ్గించారు. జాబితాలో 1802 పక్కన ఒక లైనుగా, 1968 పక్కన ఇంకో లైనుగా ఉన్న రెండు విషయాలు ఒకే మనిషి జీవితంలో ఇలా కలిశాయి. జాబితా చదివితే ఇది తెలిసే వీలే లేదు.

కేలీకి శిక్ష పడగానే దేశంలో చాలామందికి కోపం వచ్చింది. కోపం అతని మీద కాదు, తీర్పు మీద. అప్పుడు జార్జియా గవర్నర్‌గా ఉన్న జిమ్మీ కార్టర్ ‘అమెరికన్ ఫైటింగ్ మెన్స్ డే’ ప్రకటించి, కార్ల హెడ్‌లైట్లు వేసుకుని తిరగమని జనాన్ని కోరాడు. ఒక రోజుని ఇంకో రోజుతో కొట్టేయడం కూడా కేలెండర్‌తో చేయొచ్చన్నమాట. థాంప్సన్‌కి బెదిరింపులు వచ్చాయి. అతనికి, అతని ఇద్దరు సహచరులకు ప్రభుత్వం ‘సోల్జర్స్ మెడల్’ ఇచ్చింది 1998 మార్చిలో, ముప్ఫై ఏళ్ల తర్వాత. ఆండ్రియోటాకి అది మరణానంతరం.

ఆ నెలలోనే థాంప్సన్, కోల్బర్న్ సోన్ మై వెళ్లారు. అక్కడ బతికి బయటపడ్డ ఒకావిడ తనను అడిగిన ప్రశ్న గురించి థాంప్సన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ పని చేసినవాళ్లు మీతోపాటు ఎందుకు రాలేదు, అని అడిగిందట ఆవిడ. పగతో అడుగుతోందేమో అనుకున్నాడు. వాళ్లొస్తే క్షమించేవాళ్లం కదా, అందిట. తనకైతే అంత మనసు లేదని, తను క్షమించలేనని థాంప్సన్ అనేవాడు.

ఈ కథంతటిలో నన్ను వదలనిది ఆ ప్రశ్న. మనం సాధారణంగా కర్తను వెతికేది శిక్షించడానికే అనుకుంటాం. పేర్లు వద్దనేవాళ్ల వాదన కూడా అదే: ఎందుకండీ పాత గాయాలు కెలకడం, వదిలేయండి, ముందుకెళ్దాం. కానీ ఆవిడకు కర్త కావలసింది క్షమించడానికి. ‘జరిగింది’ని ఎవరూ క్షమించలేరు. తుఫానుని క్షమించం. క్షమ అనేది ఒక మనిషి ఇంకో మనిషికి ఇచ్చేది, పుచ్చుకునేవాడు లేకపోతే ఆవిడ చేతిలోనే ఉండిపోతుంది. కర్తను చెరిపేసిన వాక్యం నేరస్తుణ్ణి కాపాడటమే కాదు, బాధితురాలికి మిగిలిన ఒకే ఒక్క పెద్దరికాన్ని కూడా లాగేసుకుంటుంది. కేలీ 2009లో, ఒక క్లబ్బు సమావేశంలో, పశ్చాత్తాపపడుతున్నానన్నాడు. అప్పుడు కూడా, ఆదేశాలు పాటించానన్నాడు. ఆవిడ అక్కడ లేదు.

వియత్నాంలో చనిపోయినవాళ్ల సంవత్సరీకాలు చంద్రమానం ప్రకారం చేస్తారు, మన ఇళ్లలో తిథి చూసి పెట్టినట్టే. కాబట్టి ఆ ఊరి ఇళ్లలో ఆ రోజు మన జాబితాలోని మార్చి 16 మీద ఏటా పడదు, ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది. అక్కడ గుర్తుపెట్టుకునేది తేదీని కాదు, ఫలానా అమ్మమ్మని, ఫలానా తమ్ముణ్ణి. మనలాంటి దూరపు పాఠకులకు ఆ పేర్లు తెలియవు, తేదీ ఒక్కటే దిక్కు. అలాంటప్పుడు కనీసం ఆ లైనులో క్రియను సరిచేసుకోవచ్చు. సైనికులు చంపారు. అధికారులు 20 అని రాశారు. పత్రిక 128 అని అచ్చువేసింది. పైలట్ దిగాడు. ఒకడు ఉత్తరం రాశాడు. ఒక్కొక్కరికీ ఒక్కో క్రియ. వ్యవస్థ అంటే ఈ క్రియల మొత్తమే, వీటికి బదులుగా వాడుకునే మాట కాదు.

జాబితాలో ఉన్న హాథార్న్ నవలలో కూడా ఇదే సమస్య. అందరికీ కనిపించేలా హెస్టర్ ఎదమీద ఎర్ర అక్షరం ఉంటుంది. ఆ కథలోని రెండో మనిషి, గౌరవనీయుడైన మతబోధకుడు, ఏడేళ్లపాటు ఊరందరి మధ్యా తిరుగుతాడు.

ఒక లెక్క మిగిలింది. 347కీ 504కీ మధ్య ఉన్న తేడాకి ఒక కారణం ఏమిటంటే, సైన్యం లెక్కవేసింది తన మ్యాపులో ‘మై లై 4’ అని రాసుకున్న ఒక్క చోటునే. అదే ఉదయం, సముద్రం వైపున్న కో లుయ్‌లో, బ్రావో కంపెనీ అనే ఇంకో కంపెనీ దిగింది. స్మారకం ప్రకారం అక్కడ చనిపోయినవాళ్లు 97 మంది. అక్కడ థాంప్సన్ హెలికాప్టర్ లేదు, హేబర్లీ కెమెరా లేదు. ఎవరికీ శిక్ష పడలేదు. మార్చి 16 జాబితాల్లో దానికి వేరే లైను కూడా నేనెక్కడా చూడలేదు. ‘జరిగింది’ అన్న మాట కూడా ఆ 97 మందికి ఇంకా దక్కలేదు.